యూనియన్ భవనం తాళాలు ఎవరి చేతిలో ఉంటాయో ముందు తేల్చుకోండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ యూనివర్సిటీలో స్టూడెంట్ యూనియన్ కాంప్లెక్స్ రెండు భాగాలుగా ఉంది. ఒకటి దాదాపు వందేళ్ల నాటి ఇటుక భవనం. అందులో పెద్ద హాలు, చుట్టూ గ్యాలరీ, ముందు వెడల్పాటి మెట్లు. దాన్ని ఆనుకుని 1960ల్లో కట్టిన మూడంతస్తుల కాంక్రీట్ బ్లాకు రెండోది. ఈ బ్లాకుకు ఆయుష్షు తీరిపోయిందని ఒక ఇంజనీరింగ్ రిపోర్టు వచ్చింది. అందుకని దాన్ని కూల్చేసి, ఇటుక భవనంలో ముందు గోడ మాత్రం నిలబెట్టి, వెనక ఆరంతస్తులు కొత్తగా కట్టాలని యాజమాన్యం ప్రతిపాదించింది. పనికి మూడేళ్లు పడుతుందట. కమిటీలో విద్యార్థుల తరఫున మీరొక్కరే ఉన్నారు. ఏం అడగాలి, దేనికి సరేననాలి, దేనికి అడ్డం పడాలి అన్నది మీ ప్రశ్న.

నేను కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌ని. పాతికేళ్లకు పైగా పాత భవనాల మరమ్మతులే నా పని. వాటిలో మూడు యూనియన్ భవనాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముందు గోడ ఒక్కటే ఉంచే ప్లాన్‌కి ఒప్పుకోకండి. కాంక్రీట్ బ్లాకు సంగతి ఇప్పుడే అవునని గానీ వద్దని గానీ అనకండి, ఆ రిపోర్టు వెనక ఏ పరీక్షలు ఉన్నాయో చూడాలి. వీటన్నిటికన్నా ముందు, పని అయిపోయాక ఆ భవనం ఎవరి అధీనంలో నడుస్తుందో కాగితం మీద రాయించుకోండి. గోడలూ శ్లాబులూ పెట్టుకుని ఈ మాట ముందు చెప్తున్నాడేమిటి అనిపించవచ్చు. దానికో కారణం ఉంది.

నా మొదటి యూనియన్ ప్రాజెక్టు ఒక రాతి భవనం. ఆ పని ప్రాణం పెట్టి చేశాం. పైకప్పు దూలాల్లో గోడలోకి దిగిన కొసలు చెమ్మకు కుళ్లిపోతే, ఆ కొసల వరకే కోసి అదే జాతి కర్ర అతికించాం. మధ్యలో ఎవరో వేసిన సిమెంట్ ప్లాస్టర్ అంతా ఒలిచేసి సున్నం గార పెట్టించాం. కిటికీల ఇత్తడి గొళ్లేలు ఒక్కొక్కటి విప్పి, దేనికి దానికి నంబరు కట్టి, శుభ్రం చేసి మళ్లీ వాటి చోటనే బిగించాం. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఏడాది తర్వాత ఒక సాయంత్రం అటు వెళ్లాను. హాలు తలుపులకు తాళం. పక్క గదుల్లో లైట్లు లేవు. బయట మెట్ల మీద నలుగురు కూర్చుని చార్టుల మీద పోస్టర్లు రాసుకుంటున్నారు, గాలికి లేచిపోకుండా మూలల మీద చెప్పులు పెట్టుకుని. లోపల బల్లలున్నాయి కదా అని అడిగితే, ఒకమ్మాయి ఫోన్లో బుకింగ్ ఫారం తీసి చూపించింది. గది కావాలంటే 5 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం కావాలి, ఆపైన యూనివర్సిటీ భవనాలను చూసుకునే ఎస్టేట్ ఆఫీసు అనుమతి రావాలి. మరమ్మతుకు ముందు ఆ గదుల తాళంచెవులు యూనియన్ ఆఫీసు గోడకు ఒక మేకుకి వేలాడుతుండేవి. ఎవరికి కావాలంటే వాళ్లు పుస్తకంలో పేరు రాసి తీసుకెళ్లేవాళ్లు.

ఇందులో ఎవరి కుట్రా లేదు. పని మొదలైన రోజు తాళంచెవులు కాంట్రాక్టర్‌కి ఇచ్చారు. పని అయిపోయిన రోజు కాంట్రాక్టర్ వాటిని తనతో కాగితం రాసుకున్న ఎస్టేట్ ఆఫీసుకే తిరిగి ఇచ్చాడు. విద్యార్థులకు ఇవ్వాలని ఏ కాగితంలోనూ లేదు. ఆ ఒక్క లైను రాయించాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను. దూలాల కొసల మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు దాని మీద పెట్టి ఉంటే ఆ భవనం ఈ రోజు బతికి ఉండేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

యూనియన్ భవనానికీ మిగతా పాత కట్టడాలకీ తేడా ఇక్కడే. కోటనో గుడినో పదేళ్లు మూసి తెరిచినా, దాన్ని తెలిసినవాళ్లు ఊళ్లో ఉంటారు. యూనివర్సిటీలో ఒక తరం అంటే మూడు నాలుగేళ్లే. మీరు మూడేళ్లు పూర్తిగా మూసేస్తే, తలుపులు తెరిచిన రోజున ఆ భవనం లోపల ఒక్క సాయంత్రమైనా గడిపిన డిగ్రీ విద్యార్థి క్యాంపస్‌లో దాదాపు మిగలడు. ఏ గది ఎవరిది, ఏ రాత్రి ఎక్కడ రిహార్సల్ జరిగేది, డిబేట్ అయ్యాక జనం ఎటు వెళ్లేవాళ్లు అన్నది చెప్పేవాళ్లు ఉండరు. కొత్తగా వచ్చినవాళ్లకి ఏ నియమాలు చూపిస్తే అవే అనాదిగా ఉన్నాయనుకుంటారు. అందుకే ఇక్కడ వాడుక పోతే గోడలు నిలిచినా ప్రయోజనం ఉండదు. పాత కట్టడాల సంరక్షణ సూత్రాలు చెప్పే అంతర్జాతీయ పత్రం, 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా, పాత కట్టడాన్ని సమాజానికి పనికొచ్చే పనికి వాడితే దాని సంరక్షణ సులువవుతుందనే అంటుంది.

కాబట్టి ఇంకా డ్రాయింగులు మొదలవకముందే ఒక పని చేయండి. దీనికి డబ్బు కూడా అక్కర్లేదు. పదిమంది విద్యార్థులు వంతులు వేసుకుని, మామూలు రోజుల్లో ఒక వారం, పరీక్షల ముందు ఒక వారం, పొద్దున్న తలుపు తీసినప్పటి నుంచి రాత్రి మూసేదాకా ఆ కాంప్లెక్స్‌లో కూర్చోండి. ప్లాన్ కాపీ ఒకటి చేతిలో పెట్టుకుని, గంటకోసారి ఎవరు ఎక్కడున్నారో చుక్కలు పెట్టండి. నేను చేయించిన ఒక సర్వేలో అందరం హాలే గుండెకాయ అనుకున్నాం. చుక్కలన్నీ పడిన చోటు వేరు. మొదటి అంతస్తుకు వెళ్లే మెట్లు మలుపు తిరిగే చోట, కిటికీ కింద, నడుం ఎత్తున ఒక రాతి అరుగు ఉంది. ఎవరూ దాన్ని కూర్చోవడానికని కట్టలేదు. కానీ పైకి వెళ్లేవాళ్లూ కిందికి దిగేవాళ్లూ అక్కడ ఒకరికొకరు ఎదురుపడేవారు, అందుకే జనం అక్కడ ఆగేవారు. అరుగు అంచు అరిగి నున్నగా, మధ్యలో కాస్త పల్లంగా అయిపోయింది. అప్పటికే తయారైన డ్రాయింగులో ఆ మలుపు చోటనే లిఫ్ట్ గుంత ఉంది. లిఫ్ట్‌ని 4 మీటర్లు పక్కకు జరిపాం. సర్వే లేకపోతే ఆ అరుగు సంగతి ఎవరికీ తట్టేది కాదు.

ఇలాంటి భవనాల చరిత్ర కూడా చూడండి, పెద్ద హాళ్లలో జరిగినదానికన్నా మెట్ల మీద, తలుపుల దగ్గర జరిగినదే ఎక్కువ గుర్తుంటుంది. అమెరికాలో మిషిగన్ యూనియన్ 1919లో తెరిచారు. 1960 అక్టోబర్ 14న తెల్లవారుజామున రెండు గంటల వేళ, ఎన్నికల ప్రచారంలో ఉన్న జాన్ ఎఫ్ కెనడీ ఆ భవనం ముందు మెట్ల మీద నిలబడి వేలమంది విద్యార్థులతో మాట్లాడాడు. అమెరికా యువతను స్వచ్ఛందసేవకు వేరే దేశాలకు పంపే పీస్ కోర్ ఆలోచనకు మొదలుగా ఆ రాత్రినే చెప్పుకుంటారు. అదే భవనానికి ఇంకో చరిత్ర కూడా ఉంది. 1950ల దాకా ఆడపిల్లలు ఆ ముందు తలుపు గుండా సొంతంగా రావడానికి వీల్లేదు, పక్క తలుపు వాడుకోవాలి. మరమ్మతు చేసేటప్పుడు ఈ రెండో సంగతి కూడా ఆ భవనంలో ఎక్కడో కనిపించాలి. మీ భవనంలోనూ ఎవరినో ఆపిన తలుపు ఒకటి ఉండే ఉంటుంది. పాత మినిట్స్ పుస్తకాలు తిరగేయండి, దొరుకుతుంది. అది ఏ తలుపో తెలిశాక, దాన్ని మూసేసి గోడ కట్టే ప్లాన్ వస్తే మీరు అభ్యంతరం చెప్పగలరు.

ఇక ముందు గోడ ఒక్కటే ఉంచే ప్లాన్. దీన్ని ఫసాడిజం అంటారు. కాగితం మీద ఇది అందరికీ సమ్మతమైన రాజీలా కనిపిస్తుంది. వారసత్వం మిగిలింది, కొత్త గదులూ వచ్చాయి. సైటులో మాత్రం వేరే కథ. వందేళ్ల ఇటుక గోడ తనంతట తాను నిలబడి లేదు. దాన్ని లోపలి నుంచి అడ్డగోడలు, అంతస్తుల దూలాలు, పైకప్పు పట్టుకుని ఉన్నాయి. అవన్నీ తీసేస్తే అది గాలికి ఊగే ఎత్తైన పలక. దాన్ని కొత్త భవనం లేచేదాకా నిలబెట్టాలంటే ముందూ వెనకా భారీ స్టీల్ ఫ్రేములు, వాటికి వేరే పునాదులు కావాలి. ఆ తాత్కాలిక ఉక్కుకే బడ్జెట్‌లో గట్టి వాటా పోతుంది, పని అయ్యాక అది తుక్కు. రెండో చిక్కు ఎత్తులది. పాత భవనంలో ఒక్కో అంతస్తు 5 మీటర్ల దాకా ఉంటుంది. కొత్త అంతస్తులు 3.5 మీటర్లకో 4 మీటర్లకో వేస్తారు. అప్పుడు కొత్త శ్లాబు పాత కిటికీల నడుమ అడ్డంగా వస్తుంది. రాత్రి దీపాలు వెలిగితే బయటి నుంచి ఒక కిటికీలో కింది గది సీలింగు, పై గదిలో నిలబడ్డవాళ్ల కాళ్లు కలిసి కనిపిస్తాయి. ఇలా చేసిన భవనాలు చాలా చూశాను. ఏ ఒక్కటీ నాకు మనసుకు పట్టలేదు. యూనియన్ భవనంలో విలువైనది హాలు, గ్యాలరీ, మెట్లు, ఆ మెట్ల మలుపు. ముందు గోడ ఉంచి అవన్నీ తీసేస్తే మిగిలేది చిరునామా మాత్రమే.

"మరి చోటు చాలదు కదా" అంటారు కమిటీలో. చాలదనుకున్నప్పుడు ఆ ఒక్క స్థలంలోనే పైకి కట్టాలన్న నియమం లేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో హ్యూస్టన్ హాల్ 1896 నాటిది, అమెరికాలో మొదటి స్టూడెంట్ యూనియన్ భవనం అదే. అక్కడ ఆ భవనంతో పాటు చుట్టుపక్కల ఉన్న పాత భవనాలను కూడా బాగుచేసి, వాటి నడుమ ఉన్న ఖాళీ స్థలంతో కలిపి ఒకే విద్యార్థి కేంద్రంగా 2000 నాటికి తయారు చేశారు. వెంచూరి, స్కాట్ బ్రౌన్ సంస్థ చేసిన పని అది. మీ కాంప్లెక్స్ చుట్టూ 200 మీటర్ల లోపల ఖాళీగానో సగం వాడుకలోనో ఉన్న భవనాలు ఏమున్నాయో లెక్క అడగండి. ఏ క్యాంపస్‌లో అడిగినా ఒకటో రెండో తేలతాయి. గదుల వారీగా రోజుకు ఎన్ని గంటల వాడకం ఉందో కూడా అడగండి. ఆరంతస్తులు ఎందుకు కావాలో చెప్పాల్సిన బాధ్యత అడిగినవాళ్లది.

ఇప్పుడు కాంక్రీట్ బ్లాకు. ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ కమిటీలో అందరూ మౌనంగా తలూపేది ఈ చోటనే. "ఆయుష్షు తీరిపోయింది" అన్నది ఇంజనీరింగ్ కొలత కాదు, ఒక తీర్పు. ఆ తీర్పుకు ఆధారమైన కొలతలు ఏమిటో అడగాలి.

కాంక్రీట్ లోపల ఇనుప చువ్వలు తుప్పు పట్టకుండా ఉండటానికి కారణం కాంక్రీట్‌కున్న క్షారగుణం. ఆ గుణాన్ని కొలిచే పీహెచ్ అంకె కొత్త కాంక్రీట్‌లో 12.5, 13 దాకా ఉంటుంది. ఆ స్థితిలో చువ్వ చుట్టూ ఒక పల్చటి రక్షణ పొర ఏర్పడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ క్షారగుణాన్ని తగ్గిస్తూ వస్తుంది. పీహెచ్ 9 కన్నా కిందికి పోతే ఆ రక్షణ ఉండదు. దీన్ని కార్బనేషన్ అంటారు. ఇది పైనుంచి లోపలికి ఎంత లోతు వెళ్లిందో చూడటం చాలా తేలిక. గోడలోంచి చిన్న ముక్క తాజాగా పగలగొట్టి, దుమ్ము ఊదేసి, ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీట్ క్షణంలో ముదురు గులాబీ రంగుకు మారుతుంది. చెడిన భాగం రంగు మారకుండా బూడిద రంగులోనే ఉండిపోతుంది. ఆ రెండింటి మధ్య గీత మీద స్కేలు పెట్టి కొలుస్తారు. ఎన్నిసార్లు చూసినా ఆ గులాబీ రంగు పాకడం చూస్తుంటే నాకు ఊపిరి బిగపట్టినట్టే ఉంటుంది. భవనం తన పరిస్థితి తానే చెప్పుకునే క్షణం అది.

ఆ లోతు ఒక్కటే చూసి భయపడకూడదు. చువ్వ మీద కాంక్రీట్ కవర్ ఎంత మందం ఉందో కూడా కావాలి, దాన్ని కవర్ మీటర్‌తో కొలుస్తారు. ఉదాహరణకు 60 ఏళ్లలో కార్బనేషన్ 20 మిల్లీమీటర్లు వెళ్లిందనుకుందాం, కవర్ 30 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. 20 మిల్లీమీటర్లకి 60 ఏళ్లు కాబట్టి ఇంకో 10కి మరో 30 ఏళ్లు అనుకుంటారు చాలామంది. కానీ ఈ ప్రక్రియ లోపలికి పోయేకొద్దీ నెమ్మదిస్తుంది, సుమారుగా కాలం వర్గమూలంతో పాటు పెరుగుతుంది. పరిస్థితులు ఇలాగే ఉంటే 30 మిల్లీమీటర్లు చేరడానికి కట్టినప్పటి నుంచి 135 ఏళ్లు పడుతుంది. అంటే ఇంకా 75 ఏళ్లు ఉన్నాయి. ఇది తడి తగలని లోపలి గోడల మాట. చిల్లుపడ్డ కాలువ గొట్టం పక్కనున్న పిల్లర్‌లో లెక్క వేరుగా ఉంటుంది. తుప్పు పడితే ఇనుము తన అసలు పరిమాణానికి రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బి, పై కాంక్రీట్‌ని బీటలు వార్చి ఊడగొడుతుంది. మీ బ్లాకులో అక్కడక్కడ చువ్వలు బయటపడి కనిపిస్తున్నాయంటే కారణం అదే.

అందుకే రిపోర్టులో మొదట చూడాల్సింది కోర్ నమూనాలు, అంటే పరీక్ష కోసం డ్రిల్ చేసి తీసిన కాంక్రీట్ ముక్కలు, ఏ చోట్ల తీశారో చూపే ప్లాన్. ఎన్ని తీశారు, ఎక్కడెక్కడ తీశారు. నేను చూసిన ఒక రిపోర్టులో ఆరు నమూనాలు తీస్తే ఆరూ వానకు తడిసే బాల్కనీ వైపే ఉన్నాయి. ఆ ఫలితాలను మొత్తం భవనానికి అన్వయించారు. మేం లోపలి పిల్లర్లలో, శ్లాబుల్లో మళ్లీ తీయించాం. బాల్కనీ పట్టీ కొత్తగా పోయాల్సి వచ్చింది, మిగతాది నిలిచింది. మీ భవనంలో కూడా ఇలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. కాంక్రీట్‌లో క్లోరైడ్లు, అంటే చువ్వలకు తుప్పు పట్టించే లవణాలు, ఎక్కువుంటే కథ మారిపోతుంది. 1960ల్లో కాంక్రీట్ త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడ్ కలిపే అలవాటు ఉండేది. కాబట్టి క్లోరైడ్ పరీక్ష కూడా జరిగి తీరాలి. భూకంప ప్రమాదం ఉన్న చోటైతే దానికి వేరే విశ్లేషణ కావాలి. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో ఎషల్‌మన్ హాల్ అనే విద్యార్థి భవనం భూకంపాలకు తట్టుకోదని తేలాకే దాన్ని 2013లో కూల్చి కొత్తది కట్టారు, దాని పక్కనున్న మార్టిన్ లూథర్ కింగ్ స్టూడెంట్ యూనియన్ భవనాన్ని ఉంచి బాగుచేశారు. ఒకే కాంప్లెక్స్‌లో ఒక భవనం పోవడం, పక్కది నిలవడం సరైన నిర్ణయమే కావచ్చు. పరీక్షలు నిజంగా అలా చెప్పాలి.

ఆ కాలపు కాంక్రీట్ భవనాలంటే చాలామందికి ఇష్టం ఉండదు, మీ కమిటీలోనూ "ఆ వికారపు బ్లాకు" అన్నారని రాశారు. ఇంగ్లండ్‌లో డర్హమ్ యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఉండే డనెల్మ్ హౌస్ గురించి కూడా అదే అన్నారు. 1966లో పూర్తయిన కాంక్రీట్ భవనం అది. నది ఒడ్డున ఏటవాలు నేల మీద మెట్టు మెట్టుగా దిగుతూ ఉంటుంది. ఇంజనీరు ఓవ్ ఆరప్ 1963లో కట్టిన కింగ్స్‌గేట్ వంతెన దాని పక్కనే. మరమ్మతు ఖర్చు భరించలేమని యూనివర్సిటీ దాన్ని కూల్చాలనుకుంది. రక్షిత కట్టడాల జాబితాలోకి రాకుండా ముందే అనుమతి కూడా కోరింది. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, ఆర్కిటెక్టులు కలిసి ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2021లో దాన్ని గ్రేడ్ 2 రక్షిత కట్టడంగా ప్రకటించారు. అందం గురించి వాదనలో మీరు గెలవనవసరం లేదు. 60 ఏళ్లుగా విద్యార్థుల ఆఫీసులన్నీ అందులోనే నడిచాయి కదా, చరిత్రలో దానికీ ఒక పేజీ ఉందని గట్టిగా చెప్పండి. కూల్చి మళ్లీ కడితే సిమెంటు, ఉక్కు తయారీలో వెలువడే కార్బన్ లెక్క కూడా అడగండి. ఉన్న ఫ్రేమును ఉంచి చేసే మరమ్మతుకు ఎంత, కొత్తదానికి ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపించమనండి.

ఆ కాలపు బ్లాకులో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే నార లాంటి ఖనిజం) ఉండే అవకాశం చాలా ఎక్కువ. పైపుల చుట్టూ కట్టిన పొర, సీలింగు పలకలు, నేల టైల్స్, వాటి కింద జిగురు, అన్నిచోట్లా. కూల్చినా, ఉంచినా దాన్ని శిక్షణ ఉన్నవాళ్లే తీయాలి. ఆ సర్వే కాకుండా ఒక్క సీలింగు పలక కూడా ఎవరూ కదపకూడదు. దీని మీద రాజీ వద్దు.

ఇటుక భవనం విషయంలో మీరు గమనించాల్సింది చెమ్మ. పాత ఇటుక గోడలు సున్నంతో కట్టినవి. సున్నం గోడ తడి పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది, గోడ ఊపిరి తీసుకుంటుందని మేస్త్రీలు అనేది ఇదే. దాని మీద సిమెంట్ ప్లాస్టర్ వేసి, ఆపైన ప్లాస్టిక్ పెయింట్ కొడితే తడికి దారి మూసుకుపోతుంది. అది ఇటుకలోనే ఉండిపోయి, ఉప్పు తేలి, ఇటుక పొడి పొడిగా రాలుతుంది. గోడకింద మీటరు ఎత్తు దాకా పెయింట్ పొక్కులు లేస్తోందంటే మళ్లీ పెయింట్ కొట్టించకండి, ప్లాస్టర్ ఒలిపించండి. గోడల మీద బొమ్మలుంటే ఇంకా జాగ్రత్త. ఆక్స్‌ఫర్డ్ యూనియన్ అనే డిబేటింగ్ సొసైటీ భవనంలో 1857లో రోసెట్టి, విలియం మోరిస్, బర్న్ జోన్స్ లాంటి కళాకారులు గోడల పైభాగంలో చిత్రాలు వేశారు. గోడకు సరైన పూత పెట్టకుండా, వెల్ల వేసిన ఇటుక మీద నేరుగా రంగులు వేశారు. కొన్నేళ్లలోనే వెలిసిపోవడం మొదలైంది. ఆ తర్వాత మళ్లీ మళ్లీ మరమ్మతులు చేయాల్సి వచ్చింది. మీ హాల్లో పాత నినాదాలో, ఎవరో విద్యార్థి వేసిన బొమ్మలో ఉంటే, అవి ఏ రంగులతో, ఎలాంటి గోడ మీద ఉన్నాయో తెలుసుకోకుండా శుభ్రం చేయనివ్వకండి. తడిగుడ్డ కూడా వద్దు.

హాలు గురించి ఒక సాంకేతిక విషయం అడిగి తీరండి. కూర్చుని వినే సభకీ, సంగీత కచేరీకీ నేల మీద పడే భారం ఒకటి కాదు. జనం పాటకి తాళంగా గెంతితే సెకనుకు రెండు మూడుసార్లు అందరి బరువూ ఒకేసారి పడుతుంది. పొడవాటి దూలాల మీదున్న నేల సహజంగా ఊగే వేగం దానికి దగ్గరగా ఉంటే ఊపు పెరిగిపోతూ ఉంటుంది. మామూలు లెక్కల్లో చదరపు మీటరుకు 500 కిలోలు తట్టుకుంటుందని తేలినా ఇది పట్టుబడదు. మీ హాలు మొదటి అంతస్తులో ఉందని రాశారు కాబట్టి కంపనాల పరీక్ష చేయించి, గెంతే కార్యక్రమాలకు పనికొస్తుందో లేదో రాతలో తీసుకోండి. పనికిరాకపోతే కింద అదనపు దూలాలు వేయొచ్చు. ఆ పని ఇప్పుడైతే సులువు, తెరిచాక చేయడం కష్టం.

ముందు మెట్లు ఎంత అందంగా ఉన్నా, వీల్‌చైర్‌లో వచ్చే విద్యార్థికి అవి గోడతో సమానం. చాలా ప్రాజెక్టుల్లో ర్యాంపుని వెనక చెత్తడబ్బాల పక్కన పెడతారు. దీనికి ఒప్పుకోకండి. వాలు 1:12 కన్నా ఎక్కువ ఉండకూడదు. ఆరు మెట్లు, ఒక్కోటి 15 సెంటీమీటర్లు అనుకుంటే ఎత్తు 90 సెంటీమీటర్లు, ర్యాంపు దాదాపు 11 మీటర్లు, మధ్యలో ఆగే చోటు అదనం. ముందున్న తోటలో నేలనే మెల్లగా పైకి లేపుతూ తీసుకొస్తే ఆ ర్యాంపు వేరే ర్యాంపులా కనిపించదు, అందరూ దాని మీదుగానే నడుస్తారు. నేను చేసినవాటిలో నాకు చాలా ఇష్టమైన పని అదే. అందరూ ఒకే తలుపు గుండా లోపలికి రావాలి. ఇందాక చెప్పిన పక్క తలుపు చరిత్ర మళ్లీ రాకూడదు.

డబ్బు గురించి కొంచెమే చెప్తాను. కొత్త కట్టడానికి 5 నుంచి 10 శాతం అనుకోని ఖర్చు కింద పెడితే, పాతదానికి 15 నుంచి 20 శాతం పెట్టాలన్నది నా అనుభవం. గోడ ఒలిచేదాకా లోపలేముందో తెలియదు. ఈ మొత్తం పెట్టకుండా వచ్చిన బడ్జెట్ మధ్యలో కోతలకు దారితీస్తుంది, కోత ఎప్పుడూ విద్యార్థుల గదుల మీదే ముందు పడుతుంది. ఖర్చులో కొంత విద్యార్థుల ఫీజు నుంచి తీసుకుంటామంటే ఓటింగ్ పెట్టమనండి. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో 2006లో, బర్క్‌లీలో 2010లో అలాగే విద్యార్థులు ఓటు వేసి ఫీజుకు ఒప్పుకున్నారు. ఓటు ఉన్నప్పుడు షరతులు పెట్టే హక్కూ ఉంటుంది. ఇప్పుడు ఫీజు కట్టేవాళ్లలో చాలామంది ఆ భవనం తెరిచేనాటికి చదువు ముగించి వెళ్లిపోతారు. అయినా ఒప్పుకుంటున్నారంటే, వాళ్ల తర్వాత వచ్చేవాళ్లకు ఏం దక్కుతుందో కాగితం మీద ఉండాలి కదా.

పని దశల సంగతిలో విస్కాన్సిన్ పద్ధతి నాకు నచ్చుతుంది. 1928 నాటి మెమోరియల్ యూనియన్‌ని ముట్టుకునే ముందు, క్యాంపస్‌లో ఉన్న రెండో యూనియన్ భవనాన్ని కొత్తగా కట్టి 2011లో తెరిచారు. తర్వాత 2012 నుంచి పాతదాన్ని ఒక భాగం తర్వాత ఒక భాగంగా తీసుకున్నారు. మీ దగ్గర రెండు బ్లాకులున్నాయి. ముందు కాంక్రీట్ బ్లాకు మరమ్మతు, అది తెరిచాక ఇటుక భవనం. మొత్తం కాలం పెరుగుతుంది, కాంట్రాక్టర్‌కి ఇబ్బందే, రేటు కూడా కొంత పెంచుతాడు. అయినా ఏ రోజూ యూనియన్ తలుపులు పూర్తిగా మూతపడవు, సీనియర్లు జూనియర్లకు చూపించడానికి ఏదో ఒక గది ఉంటుంది. కమిటీలో నేను మీ స్థానంలో ఉంటే ఈ ఒక్కదాని కోసం మిగతా చాలావాటిని వదులుకుంటాను.

ఇక మొదట చెప్పిన కాగితం. డిజైన్‌కి మీరు సంతకం పెట్టే రోజునే ఇది కూడా సంతకం కావాలి, తర్వాత చూద్దామంటే జరగదు. అందులో ఏ గదులు విద్యార్థి సంఘం అధీనంలో ఉంటాయో ప్లాన్ మీద రంగు వేసి చూపాలి, చదరపు మీటర్ల లెక్క ఇప్పుడున్నదానికన్నా తగ్గకూడదు. పని పూర్తయ్యాక ఆ గదుల తాళంచెవులు, కార్డుతో తెరుచుకునే తలుపులైతే వాటి అనుమతి ఇచ్చే అధికారం, సంఘానికే ఇవ్వాలి. రాత్రి ఎన్ని గంటల దాకా తెరిచి ఉంచాలో అంకె వేయాలి. అద్దెకిచ్చే దుకాణాల విస్తీర్ణానికి ఒక పరిమితి ఉండాలి, ఎందుకంటే ఖర్చు రాబట్టుకోవాలన్నప్పుడల్లా ఆ గీతే జరుగుతూ వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, బుకింగ్ లేకుండా ఎవరైనా వచ్చి కూర్చోగల చోట్లు కనీసం ఎన్ని ఉండాలో రాయించండి. నోటీసు బోర్డుల మాట కూడా మరిచిపోవద్దు. కొత్త భవనాల్లో వాటి స్థానంలో ఆఫీసు నడిపే స్క్రీన్లు వస్తున్నాయి. గుండుసూదితో ఎవరైనా కాగితం గుచ్చగల బోర్డు ముందు ద్వారం పక్కన ఎన్ని మీటర్ల పొడవు ఉండాలో అడగండి.

పని మొదలయ్యే ముందు ఒక వారం పెట్టుకుని ప్రతి గదినీ ఫోటోలు తీయండి, బల్లల మీద చెక్కిన పేర్లతో సహా. పాత మినిట్స్, పోస్టర్లు, కరపత్రాలు బీరువాల్లోంచి తీసి యూనివర్సిటీ లైబ్రరీలో రసీదు తీసుకుని అప్పగించండి. బీరువాలు తరలించేటప్పుడే ఇవి చెత్తలోకి పోతాయి. నా కళ్ల ముందే ఒకసారి 40 ఏళ్ల మినిట్స్ పుస్తకాలు మట్టి లారీ ఎక్కబోతుంటే, ఒక వాచ్‌మన్ ఆపి పక్కన పెట్టించాడు.

వచ్చే మీటింగులో మూడు కాగితాలు అడగండి, చాలు: కోర్ నమూనాల ప్లాన్, దశలవారీగా చేస్తే ఎంత కాలం పడుతుందన్న షెడ్యూలు, ఇప్పుడు సంఘం చేతిలో ఉన్న గదుల జాబితా. చివరిది వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు. అందుకని మీరే ఈ రాత్రి తాళంచెవుల పుస్తకం ముందేసుకుని, గది గదికీ తిరిగి రాసుకుని వెళ్లండి.